నూనె వర్తకుని కొడుకు, గోల్కొండ ఖజానా

1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియె గండికోటకు చేరుకునేసరికి, ఆ కోటను రెండేళ్ల కిందట పెమ్మసాని నాయకుల నుంచి గెలుచుకున్న గోల్కొండ సేనాని అక్కడ కొలువుతీరి ఉన్నాడు. తావెర్నియె చూసిన దృశ్యం యుద్ధానికి సంబంధించినది కాదు. సేనాని చెప్పులు లేకుండా కింద కూర్చుని, ఎడమచేతి వేళ్ల సందుల్లోనూ కాలివేళ్ల సందుల్లోనూ ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి చదువుతూ, కొన్నింటికి జవాబు తానే రాస్తూ, మరికొన్నింటికి గుమాస్తాల చేత రాయిస్తూ, రాసినది మళ్లీ చదివించుకొని ముద్ర వేస్తున్నాడు. కత్తి చేతబట్టి పెరిగిన వాడి తీరు కాదిది, అంగట్లో లెక్కలు చూసి పెరిగిన వాడి తీరు. ఆ మనిషి పేరు మహమ్మద్ సయీద్, చరిత్రలో మీర్ జుమ్లాగా నిలిచిపోయినవాడు.

మీర్ జుమ్లా అనేది నిజానికి పేరు కాదు, పదవి. గోల్కొండ రాజ్యంలో రాబడి, వ్యయాలను చూసే ప్రధాన అధికారిని అలా పిలిచేవారు. ఈయనకు ముందూ తరువాతా ఆ పదవిలో పలువురు ఉన్నారు, అయినా ఆ మాట వినగానే అందరికీ గుర్తుకొచ్చేది ఇతడే. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్ ప్రాంతంలో ఒక పేద నూనె వర్తకుని ఇంట పుట్టి, చదవడం, రాయడం, లెక్కకట్టడం నేర్చుకొని, గోల్కొండతో లావాదేవీలున్న వజ్రాల వ్యాపారి దగ్గర కొలువులో చేరి ఈ దేశానికి వచ్చాడు. అలా వచ్చిన మనిషి పాతికేళ్లలో మొదట గోల్కొండకు, ఆ తరువాత మొగలు సామ్రాజ్యానికీ ఆర్థికవ్యవహారాల పెద్ద అయ్యాడు. దీన్ని అదృష్టమనో వ్యక్తి ప్రతిభ అనో చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. గోల్కొండ రాజ్యం ఏ పద్ధతిలో నడిచిందో చూస్తే తప్ప, ఒక వర్తకుడు దాని విధానాన్ని ఎలా శాసించగలిగాడో అర్థం కాదు.

కుతుబ్ షాహీ సుల్తానులు షియాలు. 1636లో మొగలుల ఒత్తిడికి తలొగ్గేదాకా శుక్రవారపు ప్రార్థనల్లో ఇరాన్ షాల పేరు చదివించినవారు. హైదరాబాదు నగర నిర్మాణంతో ముడిపడిన పేష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ అస్త్రాబాదీ, మహమ్మద్ కులీ కుతుబ్ షా కాలపు మీర్ జుమ్లా మహమ్మద్ అమీన్ షహరిస్తానీ ఇరాన్ నుంచి వచ్చినవారే. దర్బారులో పారసీక భాష, రాతకోతలు వచ్చినవారికి గిరాకీ ఉండేది. బందరు రేవుకూ పర్షియన్ సింధుశాఖలోని బందర్ అబ్బాస్‌కూ మధ్య కలంకారీ బట్టలు, తెలంగాణ ఉక్కు నిరంతరం ప్రయాణించేవి. అందువల్ల అర్దిస్తాన్ యువకుడికి గోల్కొండ పూర్తిగా పరాయి దేశమేమీ కాదు, తనవాళ్లు ముందే తొక్కిన బాటలోనే నడిచి వచ్చాడు.

అసలు కీలకం మాత్రం గుత్త పద్ధతిలో ఉంది. గోల్కొండ సుల్తాను ఊళ్ల శిస్తునూ రేవుల సుంకాన్నీ తన ఉద్యోగుల చేత నేరుగా వసూలు చేయించేవాడు కాదు. ఫలానా సీమ, ఫలానా రేవు ఏడాదికి ఇంత అని ఎవరు ఎక్కువ పాడితే వారికి ఇచ్చేవాడు. పాడుకున్నవాడు ఒప్పుకున్న సొమ్ము ఖజానాకు జమకట్టాలి, మిగిలినది అతనిది, తగ్గితే నష్టమూ అతనిదే. బకాయి పడితే శిక్ష ఎంత క్రూరంగా ఉండేదో 1618-22 మధ్య బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెత్‌వోల్డ్ రాశాడు. సొమ్ము కట్టలేకపోయిన బందరు అధికారిని 1614లో బెత్తాలతో కొట్టి కొట్టి చంపేశారట. ఇటువంటి ఏర్పాటులో నెగ్గడానికి వంశం, వీరత్వం కన్నా అవసరమైనవి మూడు: చేతిలో రొక్కం, అప్పు పుట్టించగల పరపతి, ధరల గురించి ఇతరులకంటే ముందుగా అందే కబురు. ఈ మూడూ వర్తకుడి దగ్గర ఉండేవే. కొలువు సంపాదించాక వ్యాపారం మానేయమని ఎవరూ అడగలేదు. పైగా వ్యాపారం ఉన్నవాడే కొలువుకు తగినవాడన్నది అప్పటి లెక్క.

మహమ్మద్ సయీద్ మొదట రాజధానిలో దస్తావేజుల కచేరీలో కుదిరి, 1630ల మధ్యలో బందరు హవల్దారు, అంటే ఆ రేవు పాలనాధికారి అయ్యాడు. బందరు అప్పటికి బంగాళాఖాతం అంచున అతి పెద్ద రేవుల్లో ఒకటి. డచ్చివారు 1605 నుంచి, ఇంగ్లీషువారు 1611 నుంచి అక్కడ కోఠీలు (వర్తక స్థావరాలు) నడుపుతున్నారు. పెగూ, అరకాన్, అచే, మోఖా, బందర్ అబ్బాస్‌లకు ఓడలు వెళ్లేవి. ఆ రేవును ఏలిన అధికారికి ఏ ఓడలో ఏ సరుకు ఎంత వచ్చిందో అందరికంటే ముందు తెలుస్తుంది. సుంకం లెక్క కట్టేవాడు, ఓడ పంపేవాడు ఒకడే అయినప్పుడు కలిగే లాభం ఊహించుకోవచ్చు. కొన్నేళ్లు గడిచేసరికి సొంతంగా పది ఓడలదాకా నడిపించినట్లు అతని జీవితచరిత్ర రాసిన జగదీశ్ నారాయణ్ సర్కార్ లెక్కకట్టారు. వ్యాపారంలోనూ శిస్తు గుత్తలోనూ సైన్యంలోనూ ఏకకాలంలో పెట్టుబడి పెట్టే ఇటువంటి మనుషులను సంజయ్ సుబ్రహ్మణ్యం, క్రిస్టఫర్ బెయ్లీ అనే చరిత్రకారులు ఒక ప్రత్యేక తరగతిగా గుర్తించారు. వారిలో ఇంత ఎత్తుకు ఎదిగినవాడు మరొకడు కనబడడు.

వజ్రాల సంగతికి వస్తే, కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో ఆడ, మగ, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని తావెర్నియె రాశాడు. మీర్ జుమ్లా ఇతరుల పేర్ల మీద గనులు గుత్తకు తీసుకొని, ఎవరూ తవ్వించనంత జోరుగా తవ్వించాడని ఫ్రెంచి వైద్యుడు బెర్నియె చెప్పాడు. బినామీ అనే మాట ఇవాళ్టిది కావచ్చు, పద్ధతి మాత్రం అప్పటికే పాతది. ఆ గనుల్లో పనివాళ్ల గతి ఏమిటో కూడా తావెర్నియె లెక్కల్లోనే ఉంది. బీజాపూర్ హద్దులోని ఒక గనిలో, పని బాగా తెలిసిన మనిషికి సైతం ఏడాదికి 3 వరహాలకు మించి ముట్టేవి కావు. అక్కడే యాభై మందిని పెట్టి తవ్వించే వర్తకుడు రాజుకు రోజుకు 2 వరహాలు చెల్లించేవాడు. ఒక మనిషి ఏడాదంతా మట్టి కడిగి సంపాదించినది, రాజుకు ఒకే ఒక్క గుంపు మీద రెండు రోజులు తిరక్కుండానే వచ్చేది. కోహినూరు ఎవరి చేతుల్లో తిరిగిందన్న కథలు మనకు లెక్కలేనన్ని ఉన్నాయి, ఈ 3 వరహాల మనుషుల పేర్లలో ఒక్కటీ మిగల్లేదు.

1640ల తొలినాళ్లకు మహమ్మద్ సయీద్ మీర్ జుమ్లా పదవికి చేరుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే అతడు గోల్కొండ దర్బారు చరిత్రలో ఒక సమర్థుడైన మంత్రిగా మిగిలేవాడు. 1642లో కర్ణాటక దండయాత్ర మొదలుకావడంతో కథ వేరే దారి పట్టింది. అప్పటివారు కర్ణాటకమన్నది ఇప్పటి కర్ణాటక రాష్ట్రాన్ని కాదు. విజయనగరపు చివరి పాలకుల చేతిలో మిగిలిన నెల్లూరు, ఉదయగిరి, కడప, చంద్రగిరి సీమలను, తూర్పున పూనమల్లి దాకా ఉన్న నేలను అలా పిలిచేవారు. శ్రీరంగరాయలు బలహీనుడు, నాయకులలో ఐకమత్యం లేదు, పడమటి నుంచి బీజాపూర్ సైన్యం తోసుకొస్తోంది. మీర్ జుమ్లా ఫిరంగులు పోతపోయడానికి ఐరోపా పనివాళ్లను పెట్టుకొని, కోట వెంట కోటగా గెలుస్తూ 1650లో గండికోటను పట్టుకున్నాడు. పెన్న లోయకు అంచున నిట్టనిలువుగా నిలిచిన ఆ కోట అప్పటిదాకా పెమ్మసాని చిన తిమ్మనాయుడిది.

ఈ యుద్ధాన్ని రాజ్యవిస్తరణగానే చూడడం అలవాటు. ఆర్థిక దృష్టితో చూస్తే ఇది పెట్టుబడి. గెలిచిన నేల మీద శిస్తు, అక్కడి గనులు, అక్కడి మగ్గాలు, అక్కడి రేవులు అన్నీ ఒకే యజమాని కింద చేరాయి. సుమారు 40 లక్షల రూపాయల వార్షికాదాయం ఉన్న ఆ ప్రాంతం పేరుకు సుల్తానుదైనా, లెక్క చూసేవాడు, సైన్యానికి జీతాలిచ్చేవాడు మీర్ జుమ్లాయే. గోల్కొండ గుత్త పద్ధతిలో మొదటినుంచీ ఉన్న లోపం ఇక్కడ బయటపడింది. ఒక రేవును పాడుకున్నవాడిని సుల్తాను బెత్తంతో లొంగదీసుకోవచ్చు, ఒక దేశాన్నే పాడుకుని సైన్యంతో కూర్చున్నవాడిని ఏమీ చేయలేడు.

అతని విధానంలో అన్నింటికన్నా ప్రభావం చూపినది బట్టల వ్యాపారంలో గుత్తాధిపత్యం. కోరమండల్ తీరంలో ఐరోపా కంపెనీలు నేతగాళ్లకు బయానా ఇచ్చి, దళారుల ద్వారా బట్ట కొనేవి. నేసే పల్లెల మీద పరిపాలన తన చేతికి వచ్చాక మీర్ జుమ్లా మనుషులు ఆ బట్టను తామే ముందు కొని, తాము చెప్పిన ధరకు కంపెనీలకు అమ్మసాగారు. ధాన్యంలోనూ ఇదే వరస, గిడ్డంగిలోని బియ్యాన్ని కొనక తప్పని పరిస్థితి కల్పించి అంగడి ధర కన్నా ఎక్కువకు అమ్మడం. విదేశీ కంపెనీ లాభానికి ఇక్కడి ప్రభువు అడ్డుపడ్డాడన్న కోణంలో దీన్ని మెచ్చుకునేవారు ఉండవచ్చు. కానీ ఆ లాభంలో సాలెవాడికి వాటా ముట్టినట్లు ఎక్కడా ఆధారం లేదు. కొనేవాళ్లు పలువురున్నప్పుడు నేతగాడికి బేరమాడే వీలుండేది, ఒక్కడే మిగిలినప్పుడు అదీ పోయింది. పైగా 1646-47లో తీరమంతటా కరవు వచ్చి వేలమంది చనిపోయారు. పులికాట్, శాంథోమ్, మద్రాసుల్లో శవాల లెక్కలు కంపెనీ ఉత్తరాల్లో ఉన్నాయి. యుద్ధం నడుస్తున్న సీమలో, ధాన్యం అధికారి చేతిలో ఉన్న రోజుల్లో కరవు ఎంత తీవ్రంగా తగిలిందో ఊహించడం కష్టం కాదు. మీర్ జుమ్లా తెలివిని వర్ణించే రచనలు ఈ సంవత్సరాలను రెండు వాక్యాల్లో దాటేయడం న్యాయం కాదు.

ఇంగ్లీషువారితో అతని వ్యవహారం అచ్చంగా వర్తకుడికీ వర్తకుడికీ మధ్య సాగినట్టే సాగింది. 1639లో వారు దామెర్ల నాయకుల దగ్గర సంపాదించుకున్న మద్రాసు పట్టాను 1647లో అతడే ఖాయం చేశాడు. అవసరమైనప్పుడు వారి ఫిరంగీదారులను వాడుకున్నాడు, వారికి అప్పులూ ఇచ్చాడు. అతని ఓడ ఒకటి వారు పట్టుకోవడంతో తగవు ముదిరి, 1657-58లో అతని సేనలు మద్రాసును ముట్టడించాయి. చివరికి 1658లో రాజీ కుదిరింది: మద్రాసు రేవు సుంకంలో వాటాకు బదులు ఇంగ్లీషువారు ఏటా 380 వరహాలు కట్టాలి. ముట్టడి వల్ల కలిగిన ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. అయితే లెక్క చూడాల్సిన పని లేకుండా, గుమాస్తాను పెట్టాల్సిన పని లేకుండా ఖాయంగా చేతికొచ్చే సొమ్మునే గుత్త పద్ధతిలో పెరిగినవాడు కోరుకుంటాడు.

ఈ రాజీ కుదిరేనాటికి మీర్ జుమ్లా గోల్కొండ మనిషి కాడు. సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు భయం మొదలై, కర్ణాటక లెక్కలు అడగడంతో మంత్రి బీజాపూర్‌తోనూ ఇరాన్ షాతోనూ దక్కన్‌లో ఉన్న మొగలు రాకుమారుడు ఔరంగజేబుతోనూ లోపాయికారీగా ఉత్తరాలు నడిపాడు. 1655 నవంబరులో అతని కొడుకు మహమ్మద్ అమీన్ తాగిన మత్తులో దర్బారుకొచ్చి సుల్తాను గద్దె మీద పడుకొని వాంతి చేసుకున్నాడని అప్పటి రచయితలు రాశారు. సుల్తాను అతణ్ణి కుటుంబంతో సహా ఖైదు చేయించాడు. ఔరంగజేబుకు కావలసిన సాకు దొరికింది. 1656 జనవరిలో మొగలు సేన హైదరాబాదులో చొరబడి నగరాన్ని దోచుకుంది, ఫిబ్రవరిలో గోల్కొండ ముట్టడి మొదలైంది.

ఈ దాడికి మంత్రి కుటుంబపు గౌరవం ఒక నెపమైతే, మారకపు రేటు మరొక నెపం. 1636 ఒప్పందం ప్రకారం గోల్కొండ మొగలులకు ఏటా 2 లక్షల హొన్నులు (బంగారు నాణేలు) కప్పం కట్టాలి. అప్పుడు హొన్ను విలువ 4 రూపాయలు, తరువాత నాలుగున్నరకూ, అయిదుకూ పెరిగింది. సుల్తాను పాత రేటుకే రూపాయల్లో కడుతూ వచ్చాడని, ఇన్నేళ్ల తేడా 20 లక్షల రూపాయలు బాకీ అని ఔరంగజేబు పట్టుబట్టాడు. బంగారు నాణెం నడిచే దక్షిణాదికీ వెండి రూపాయి నడిచే ఉత్తరాదికీ మధ్య ఉన్న ఈ తేడా నాణేలు మార్చే సామాన్య షరాఫుకు రోజూ ఎదురయ్యే సంగతే. ఒక రాజ్యం మెడకు అది ఉరిగా బిగుసుకోవడం గోల్కొండ చరిత్రలో తగినంత చర్చకు రాలేదు. షాజహాన్ ఆజ్ఞతో మార్చి నెలాఖరుకు ముట్టడి ఎత్తివేశారు కానీ, సుల్తాను కోటి రూపాయల జరిమానాకూ రాంగీర్ సీమ వదులుకోవడానికీ ఒప్పుకోవలసి వచ్చింది. కర్ణాటకం మీర్ జుమ్లాకే జాగీరుగా మిగిలింది.

1656 జూలైలో అతడు ఢిల్లీ చేరాడు. ముఅజ్జం ఖాన్ అన్న బిరుదుతో సామ్రాజ్యం మొత్తానికీ దివాను, అంటే ఆర్థిక మంత్రి అయ్యాడు. అంతకు ముందు ఏప్రిల్‌లో చనిపోయిన సాదుల్లా ఖాన్ స్థానం అది. మీర్ జుమ్లా కానుకల్లో బరువైన వజ్రం ఒకటి ఉంది. అదే కోహినూరన్న వాదన రుజువు కాలేదు. ఆ వజ్రాన్ని చూపిస్తూ కాందహారు బండరాళ్ల కోసం పోరాడే బదులు గోల్కొండ రాళ్ల వైపు చూడమని చక్రవర్తికి చెప్పాడని బెర్నియె రాశాడు. బెర్నియె ఇది విని రాసిన మాటే, కళ్లారా చూసింది కాదు. అయినా అందులోని లెక్క మాత్రం నిజం. కాందహారు కోసం మొగలులు 1649, 1652, 1653లలో మూడుసార్లు ముట్టడి వేసి, అపారమైన ధనం పోసి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. శిస్తు రాని కొండల నుంచి శిస్తు, వజ్రం, బట్ట ఉన్న దక్షిణానికి సామ్రాజ్యపు చూపును మళ్లించడమే దివానుగా మీర్ జుమ్లా చేసిన పని. తాను పుట్టిన ఇరాన్ చేతిలో ఉన్న కాందహారును వదిలేయమన్నాడని దీనికి వేరే అర్థం తీసినవారూ ఉన్నారు. అతని లెక్కలు తెలిసినవారికి ఆ అనుమానం అవసరం లేదనిపిస్తుంది.

1657లో ఔరంగజేబుతో కలిసి బీదరు, కళ్యాణి కోటలు గెలిచాడు. ఇంతలో షాజహాన్ జబ్బుపడడం, ఆయన పెద్దకొడుకు దారా షికో చొరవతో మీర్ జుమ్లాను దివాను పదవి నుంచి తప్పించడం జరిగిపోయాయి. ఏడాదిన్నర కూడా లేని ఆ పదవీకాలంలో భూమి శిస్తు వ్యవస్థను మార్చే అవకాశం అతనికి లేదు. మొగలుల జబ్తీ కొలతలు (నేలను కొలిచి శిస్తు కట్టడం), మన్సబు లెక్కలు (అధికారుల హోదా, జీతాల శ్రేణి) గోల్కొండ గుత్త కన్నా బిగువైనవి. అందులో వర్తకుడికి దారి దొరకడం కష్టం. అందుకే ఉత్తరాదిలో అతడు చూపిన ప్రభావం పద్ధతుల మీద కాకుండా దిశ మీద కనిపిస్తుంది. వారసత్వ యుద్ధంలో ఔరంగజేబు పక్షాన ఖజ్వా దగ్గర పోరాడి, 1660లో బెంగాల్ సుబేదారు అయ్యాడు. రాజధానిని రాజ్‌మహల్ నుంచి ఢాకాకు మార్చాడు. అక్కడా తుపాకిమందులో వాడే సురేకారం వంటి సరుకుల వ్యాపారాన్ని చేజిక్కించుకోవాలని చూశాడు, అక్కడా ఇంగ్లీషు కోఠీలతో తగవు పడ్డాడు. 1662 మార్చిలో అస్సాం రాజధాని గఢ్‌గావ్‌ను పట్టుకున్నాడు కానీ, వానలకు దారులు మూసుకుపోయి, జబ్బులతో సేన కరిగిపోయింది. సంధి చేసుకొని తిరిగి వస్తూ 1663 మార్చి చివరన ఢాకా సమీపంలో కన్నుమూశాడు.

అతడు వెళ్లిపోయాక గోల్కొండ రాజ్యం తన ఆర్థిక వ్యవస్థను మార్చుకుందా అన్నది అసలు ప్రశ్న. మనుషులు మారారు. 1674లో మీర్ జుమ్లా పదవి, ఇరాన్ అమీరు సయ్యద్ ముజఫర్ దగ్గర గుమాస్తాగా పనిచేసిన మాదన్నకు దక్కింది. లెక్కలు తెలిసినవాడే రాజ్యాన్ని నడపాలన్న సంప్రదాయం అలాగే ఉంది, లెక్క రాసే చేయి మాత్రం తెలుగు బ్రాహ్మణుడిది అయింది. కర్ణాటకం మళ్లీ సుల్తాను చేతికొచ్చాక అక్కడ నియమితుడైన నెక్నాం ఖాన్ కూడా మీర్ జుమ్లా వేసిన ఒప్పందాన్నే తీసుకొని 1672లో ఇంగ్లీషువారితో తిరిగి బేరమాడాడు. మద్రాసు మీద 380 వరహాలు 1,200 అయ్యాయి. 1687లో గోల్కొండ పడిపోయింది, కొత్త పాలకులు కూడా ఆ 1,200 వరహాల పద్దును కొట్టివేయలేదు. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ 1752లో మాఫీ చేసేదాకా కంపెనీ దాన్ని చెల్లించవలసి వచ్చింది.